తెనాలి రామకృష్ణుడు

తెనాలి రామకృష్ణుడు 16వ శతాబ్దానికి చెందిన తెలుగు ప్రబంధకవి. తెనాలి రామలింగడు, తెనాలి రామలింగకవి అనే పేర్లతో కూడా ప్రసిద్ధుడు. ఉద్భటారాధ్య చరిత్రము, పాండురంగ మాహాత్మ్యము, ఘటికాచల మాహాత్మ్యము అనే కావ్యాలు రచించాడు. సంప్రదాయం ఈయనను శ్రీకృష్ణదేవరాయల అష్టదిగ్గజాలలో ఒకడిగా పేర్కొంటుంది. ప్రజల నోట ఈయన వికటకవి. ఒకే మాటను సందర్భం మార్చి రెండు మూడు అర్థాలలో ప్రయోగించి ఎదుటివారిని తికమక పెట్టగల చతురుడిగా తెలుగు, తమిళ, కన్నడ ప్రాంతాలలో పేరు పొందాడు. కథలలోని రామలింగడికీ కావ్యాలు రాసిన రామకృష్ణకవికీ మధ్య ఉన్న దూరం తెలుగు సాహిత్య చరిత్రలో ఎంతో చర్చకు కారణమైంది.

జననము, వంశము

రామకృష్ణుడు నియోగి బ్రాహ్మణుడు, కౌండిన్య గోత్రుడు. తండ్రి రామయ్య, తల్లి లక్ష్మమ్మ. వీరి ఇంటిపేరు గార్లపాటివారు. పూర్వులు గార్లపాడు అనే గ్రామం నుండి వచ్చినందువలన ఆ ఇంటిపేరు ఏర్పడిందని చెబుతారు. చిన్నతనంలోనే తండ్రి మరణించగా తల్లి కుమారుని వెంటబెట్టుకొని తెనాలిలోని పుట్టింటికి చేరిందనీ, అక్కడే పెరిగినందువలన ఊరిపేరే ఇంటిపేరుగా స్థిరపడిందనీ జనశ్రుతి. కొల్లూరు సమీపంలోని తూములూరును ఈయన జన్మస్థలంగా చెప్పేవారు కూడా ఉన్నారు. జనన మరణ సంవత్సరాలను నిర్ణయించగల శాసనం గాని, సమకాలిక రచన గాని లభించలేదు. కాలనిర్ణయానికి కావ్యాల అంకితాలే ప్రధానమైన ఆధారం.

ప్రాంతము

తెనాలి గుంటూరు జిల్లాలోని పట్టణం. బాపట్ల, రేపల్లె కూడా చాలాకాలం గుంటూరు జిల్లాలోనే ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో అవి కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరాయి. తూములూరు ఉన్న కొల్లూరు మండలం కూడా ఆ జిల్లాలోకే వెళ్ళింది. అందువలన కవి జన్మస్థలంపై ఉన్న రెండు వాదాలు ఇప్పుడు రెండు జిల్లాలకు సంబంధించినవయ్యాయి.

కవి కాలంలో ఈ ప్రాంతం కొండవీటి సీమకు చెందినది. గజపతుల అధీనంలో ఉన్న కొండవీటి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1515లో జయించాడు. అటుపిమ్మట విజయనగర ప్రభువుల ప్రతినిధులు అక్కడి నుండి పాలన సాగించారు. నేడు తెనాలికి గుర్తుగా చెప్పుకొనే కాలువలు అప్పుడు లేవు. కృష్ణానదిపై 1855లో ఆనకట్ట పూర్తయిన తరువాతనే డెల్టా కాలువల వ్యవస్థ ఏర్పడింది. తెనాలిలోని రామలింగేశ్వరాలయం, చోళుల కాలపు శాసనాలు గల బాపట్ల భావనారాయణస్వామి ఆలయం ఈ ప్రాంతంలో శైవ వైష్ణవాలు పక్కపక్కనే వర్ధిల్లాయనడానికి నిదర్శనాలు. రామకృష్ణుని జీవితంలోనూ ఆ రెండు మతాల జాడలు కనబడతాయి.

రామలింగడు, రామకృష్ణుడు

ఉద్భటారాధ్య చరిత్రములో కవి పేరు రామలింగయ్య. అది శైవకావ్యం. పాండురంగ మాహాత్మ్యములో కవి పేరు రామకృష్ణుడు. అది వైష్ణవకావ్యం. ఈ భేదం కారణంగా ఇద్దరూ వేర్వేరు కవులేమో అని కొందరు పరిశోధకులు సందేహించారు. గోత్రం, తల్లిదండ్రుల పేర్లు, శైలి కలుస్తున్నందువలన ఇద్దరూ ఒకరేనని, మొదట శైవుడైన కవి తరువాత వైష్ణవాన్ని స్వీకరించి పేరు మార్చుకున్నాడని ఎక్కువమంది అంగీకరించారు. శైవుడుగా ఉన్నప్పటి పేరులోని 'లింగ' శబ్దం పోయి దాని స్థానంలో 'కృష్ణ' శబ్దం వచ్చింది. 'రామ' శబ్దం మాత్రం రెండు పేర్లలోనూ నిలిచింది. కావ్యకర్తగా రామకృష్ణుడనే పేరు స్థిరపడినా, కథలలో జనం ఎక్కువగా పిలుచుకొన్నది రామలింగడనే.

కాలము, రాజాస్థానము

శ్రీకృష్ణదేవరాయలు 1509 నుండి 1529 వరకు పాలించాడు. ఆయన సభలోని అష్టదిగ్గజాలుగా అల్లసాని పెద్దన, నంది తిమ్మన, మాదయగారి మల్లన, ధూర్జటి, అయ్యలరాజు రామభద్రుడు, పింగళి సూరన, రామరాజభూషణుడు, తెనాలి రామకృష్ణుడు అనే ఎనమండుగురిని చెప్పడం వాడుక. అయితే వీరిలో సూరన, రామరాజభూషణుల ప్రధాన రచనలు రాయల తరువాతి కాలానివి. కనుక ఎనమండుగురూ ఒకే సభలో కూర్చున్నారనే భావన చారిత్రకంగా నిలవదు.

రామకృష్ణుని విషయంలో ఉద్భటారాధ్య చరిత్రము ఒక ఆధారం ఇస్తుంది. ఆ కావ్యాన్ని కవి ఊరె దేచయకు అంకితం చేశాడు. దేచయ కొండవీటి పాలకుడైన నాదెండ్ల గోపమంత్రి వద్ద ఉద్యోగి. గోపమంత్రి మహామంత్రి సాళువ తిమ్మరుసుకు మేనల్లుడు, రాయల కాలంవాడు. కనుక రామకృష్ణుడు రాయల పాలన చివరినాటికే కవిత్వం చెబుతూ ఉండవచ్చు. పాండురంగ మాహాత్మ్యము మాత్రం తరువాతిదని, 16వ శతాబ్ది మధ్యభాగానికి చెందినదని సాధారణాభిప్రాయం. ఈయన ఏ కావ్యాన్నీ రాయలకు అంకితమివ్వలేదు. కందుకూరి వీరేశలింగం ఆంధ్ర కవుల చరిత్రము నాటి నుండి నేటివరకు ఈ సమస్యపై వాదోపవాదాలు సాగుతూనే ఉన్నాయి.

రచనలు

ఉద్భటారాధ్య చరిత్రము మూడాశ్వాసాల ప్రబంధం. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో ఉన్న ఉద్భటుని కథ దీనికి మూలం. శాపవశాన పిశాచాలైన గంధర్వులకు ఉద్భటుడనే శైవాచార్యుని మహిమ వలన విముక్తి కలగడం ఇందలి ఇతివృత్తం. సోమనాథుడు ద్విపదలో క్లుప్తంగా చెప్పిన కథను రామలింగకవి వర్ణనలతో ప్రబంధంగా పెంచాడు.

పాండురంగ మాహాత్మ్యము ఐదాశ్వాసాల కావ్యం. దీనిని విరూరి వేదాద్రి మంత్రికి అంకితమిచ్చాడు. భీమానదీ తీరంలోని పండరిపురం, అక్కడ వెలసిన పాండురంగ విఠలుడు దీనికి విషయం. పుండరీకుని కథ, నిగమశర్మ కథ, అయుత నియుతుల కథ మొదలైన ఉపాఖ్యానాలు ఇందులో ఉన్నాయి. పంచకావ్యాలను లెక్కించేటప్పుడు మనుచరిత్ర, వసుచరిత్ర, ఆముక్తమాల్యద, శృంగారనైషధాలతో పాటు దీనిని చేర్చడం పరిపాటి.

ఘటికాచల మాహాత్మ్యము మూడాశ్వాసాల క్షేత్రమాహాత్మ్య కావ్యం. ఘటికాచలమనగా తమిళనాడులోని షోలింగర్. అక్కడి కొండపై యోగనరసింహస్వామి కొలువై ఉన్నాడు.

కందర్పకేతు విలాసము, హరిలీలా విలాసము అనే మరి రెండు కావ్యాలు లభించలేదు. పెదపాటి జగన్నాథకవి సంకలనం చేసిన ప్రబంధరత్నాకరములో ఉదాహరించిన పద్యాల వలన మాత్రమే వీటి సంగతి తెలుస్తుంది. కందర్పకేతు విలాసము పోవడం పెద్ద నష్టం. కందర్పకేతుడు సుబంధుడు సంస్కృతంలో రచించిన వాసవదత్త అనే గద్యకావ్యానికి నాయకుడు. వాసవదత్త ప్రతి అక్షరంలోనూ శ్లేష ఉన్న రచనగా పేరుబడింది. రెండర్థాల మాటలతో ఆడుకోవడంలో లోకమంతా మేటిగా చెప్పుకొనే కవి అటువంటి కథను చేపట్టి తెలుగులో శ్లేషను ఎలా నిర్వహించాడో చూసే అవకాశం నేటి పాఠకునికి లేదు.

నిగమశర్మ కథ

పాండురంగ మాహాత్మ్యము తృతీయాశ్వాసంలోని నిగమశర్మోపాఖ్యానం కవి ప్రతిభకు ఉత్తమోదాహరణగా నిలిచింది. నిగమశర్మ పీఠికాపురానికి చెందిన సభాపతి అనే పండితుని కుమారుడు. చదువుకొని కూడా దుర్వ్యసనాలకు లోబడి, ఆస్తిని పాడుచేసి, భార్యను తల్లిదండ్రులను విస్మరిస్తాడు. అత్తవారింటి నుండి వచ్చిన అక్క తమ్మునికి హితవు చెబుతుంది. అతడు మారినట్లు నటించి కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉంటాడు. ఒక రాత్రి అక్క నగలతో సహా ఇంటిసొమ్ము దోచుకొని పారిపోతాడు. అనేక పతనాల తరువాత నరసింహక్షేత్రంలో మరణించి, ఆ స్థలమహిమ వలన ముక్తి పొందుతాడు.

శ్రీనాథుని కాశీఖండంలోని గుణనిధి, శివరాత్రి మాహాత్మ్యంలోని సుకుమారుడు ఈ పాత్రకు పూర్వరూపాలు. అక్క పాత్ర మాత్రం రామకృష్ణుని సొంత సృష్టి. ఆమెకు కవి పేరు పెట్టలేదు. పుట్టింటి పరువు కోసం తపించే ఆడపడుచుగా, పోయిన ముక్కెరను తలచి దుఃఖించే సామాన్య గృహిణిగా ఆమెను చిత్రించాడు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ నిగమశర్మ అక్క అనే వ్యాసంలో ఈ పాత్రను విశ్లేషించిన తరువాత ఆమె తెలుగు విమర్శలో శాశ్వతస్థానం పొందింది. నవ్వించేవాడిగా పేరుపడిన కవి ఒక కుటుంబ దుఃఖాన్ని ఇంత నిశితంగా చూశాడన్నది ఈ కథ చదివినవారు గమనించే విషయం.

నానార్థాలు, శ్లేష

ఒక శబ్దానికి అనేకార్థాలుండటం అన్ని భాషలలోనూ ఉంది. తెలుగులో ఇది మూడు విధాలుగా ఏర్పడింది. మొదటిది అచ్చతెలుగు మాటలలో రూపసామ్యం. 'పాలు' అంటే క్షీరం, వాటా. 'ఆరు' సంఖ్య, దీపం ఆరుట, బట్ట ఆరుట. 'ఏడు' సంఖ్య, సంవత్సరం. 'నూరు' సంఖ్య, మందు నూరుట. 'చెప్పు' కాలికి తొడిగేది, పలుకుమనడం. 'అడుగు' పాదం, పాత్ర యొక్క క్రిందిభాగం, ప్రశ్నించుమనడం. 'పట్టు' వస్త్రవిశేషం, పట్టుదల, చేతితో పట్టుకొనుట.

రెండవది సంస్కృతం నుండి వచ్చిన నానార్థ పదాలు. 'కరము' చేయి, కిరణం, పన్ను, ఏనుగు తొండం. 'ద్విజుడు' బ్రాహ్మణుడు, పక్షి. దంతానికి కూడా రెండుసార్లు పుడుతుంది కనుక ద్విజమనే పేరు. 'అంబరము' ఆకాశం, వస్త్రం. 'వనము' అడవి, నీరు. 'కువలయము' కలువ, భూమండలం. 'రాజు' ప్రభువు, చంద్రుడు. 'హరి' శబ్దానికి అమరకోశం విష్ణువు, ఇంద్రుడు, సూర్యుడు, చంద్రుడు, యముడు, సింహం, గుర్రం, కోతి, పాము, కప్ప, చిలుక మొదలుగా అర్థాల జాబితానే ఇస్తుంది.

మూడవది పదవిభాగం వలన కలిగే అర్థభేదం. ఒకే అక్షరాల వరుసను ఒకచోట విడదీస్తే ఒక అర్థం, మరోచోట విడదీస్తే మరో అర్థం వస్తుంది. అలంకారశాస్త్రంలో ఇట్లు విడదీయడం వలన ఏర్పడేది సభంగ శ్లేష. విడదీయనవసరం లేనిది అభంగ శ్లేష.

ఇన్ని అర్థాలున్నా నిత్యవ్యవహారంలో గందరగోళం ఎందుకు కలగదన్న ప్రశ్నకు 5వ శతాబ్దపు వ్యాకరణవేత్త భర్తృహరి వాక్యపదీయంలో సమాధానం చెప్పాడు. అర్థాన్ని నిర్ణయించే అంశాలను ఆయన వరుసగా పేర్కొన్నాడు. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

సాహచర్యము: రామలక్ష్మణులు అన్నప్పుడు రాముడు దశరథుని కుమారుడు.

విరోధము: వైరులుగా రామార్జునులు అన్నప్పుడు రాముడు పరశురాముడు, అర్జునుడు కార్తవీర్యుడు.

సంయోగము: శంఖచక్రాలతో కూడిన హరి అన్నప్పుడు విష్ణువే, సింహమో కోతియో కాదు.

ప్రకరణము: 'సైంధవము' అంటే ఉప్పు, గుర్రం. భోజనం చేస్తున్నవాడు తెమ్మంటే ఉప్పు, ప్రయాణానికి సిద్ధమైనవాడు తెమ్మంటే గుర్రం.

కాలము: 'చిత్రభానుడు' పగటివేళ సూర్యుడు, రాత్రివేళ అగ్ని.

దేశము: మాట పలికిన చోటును బట్టి అర్థం మారుతుంది. రామకృష్ణుని సీమలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. భాగవతకథ చెబుతున్నప్పుడు 'రేపల్లె' అంటే శ్రీకృష్ణుడు పెరిగిన గొల్లపల్లె. తెనాలి రైల్వేస్టేషనులో అదే మాట వినబడితే అది తెనాలి నుండి చీలిపోయే శాఖామార్గం చివర ఉన్న పట్టణం.

వ్యవహారంలో సందర్భం ఒక అర్థాన్ని నిలిపి మిగిలినవాటిని తొలగిస్తుంది. శ్లేషకవి చేసే పని దీనికి విరుద్ధం. అతడు రెండు సందర్భాలను ఒకేసారి నిలబెట్టి రెండర్థాలూ చెల్లేటట్లు చేస్తాడు. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యాలతో రామాయణ భారత కథలను నడిపించాడు. రామరాజభూషణుడు హరిశ్చంద్ర నలోపాఖ్యానంలో హరిశ్చంద్రుని కథను, నలుని కథను కలిపి చెప్పాడు. రామకృష్ణుడు అటువంటి ద్వ్యర్థికావ్యం రాసినట్లు ఆధారం లేదు. లభించిన కావ్యాలలో ఆయన శ్లేషను అలంకారాలలో ఒకటిగా మాత్రమే వాడుకొన్నాడు. ఆయన ప్రత్యేకత దీర్ఘమైన బిగువైన పదబంధాలలోను, అరుదైన తెలుగు మాటల వాడుకలోను, కథాకథనంలోను ఉంది. రెండర్థాల మాటలకు ఆయన పేరు ముడిపడింది ప్రధానంగా కథల వలన, చాటుపద్యాల వలన.

కథలలో రామలింగడు

రామలింగని కథలలో పెక్కింటికి మాట అర్థాన్ని మలుపు తిప్పడమే ప్రాణం. వాటిలో బాగా ప్రచారంలో ఉన్నది తిలకాష్ఠ మహిషబంధనం కథ. దిగ్విజయం చేస్తూ వచ్చిన ఒక మహాపండితుడు రాయల సభను సవాలు చేస్తాడు. మిగిలినవారు వెనుకాడగా రామలింగడు పట్టువస్త్రంలో చుట్టిన ఒక పెద్ద కట్టను తెచ్చి, అది తిలకాష్ఠ మహిషబంధనమనే గ్రంథమనీ దానిపై వాదిద్దామనీ అంటాడు. ఆ పేరు ఎన్నడూ వినని పండితుడు భయపడి రాత్రికి రాత్రే ఊరు విడిచి పోతాడు. విప్పి చూస్తే ఆ కట్టలో ఉన్నవి నువ్వుకట్టెలు. వాటిని కట్టినది గేదెను కట్టే పలుపు. తిలలంటే నువ్వులు, కాష్ఠమంటే కట్టె, మహిషమంటే గేదె, బంధనమంటే కట్టు. రామలింగడు పలికినదంతా అక్షరాలా నిజమే. సభలో పలికినందువలన, పట్టువస్త్రంలో ఉన్నందువలన ఆ మాట గ్రంథనామంగా వినబడింది. పశువుల కొట్టంలో అదే మాట అంటే ఎవరూ మోసపోయేవారు కాదు.

రెండవది ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందనే అర్థం గల సమస్య కథ. అసూయాపరులైనవారు ఆ సమస్యను ద్వారపాలకుని చేత అడిగిస్తారు. రామలింగడు అతనికి పరుషమైన పూరణతో బుద్ధి చెబుతాడు. అదే సమస్యను రాజు స్వయంగా ఇవ్వగా, ఏనుగుల వంటి పాండవులు దోమ వంటి విరాటరాజు కొలువులో చేరవలసివచ్చిన విధివైపరీత్యంగా పూరిస్తాడు. సమస్యలో ఒక్క అక్షరమైనా మారలేదు. అడిగినవాడు మారాడు, అర్థమూ మారింది.

కాళికాదేవి కథ కూడా విశేష ప్రచారం పొందింది. ప్రత్యక్షమైన దేవి విద్య ఒక పాత్రలోను, ధనం ఒక పాత్రలోను చూపి ఒకదానిని కోరుకోమంటుంది. రామలింగడు రెండూ త్రాగివేస్తాడు. కోపించిన దేవి వికటకవివి కమ్మని శపించి, తరువాత దానినే వరంగా మార్చుతుంది. వికటకవి అనే మాటను కుడి నుండి ఎడమకు చదివినా అదే మాట వస్తుంది.

ఆ బిరుదం కూడా ఒక నానార్థ పదమే. తెలుగు వాడుకలో వికటమంటే పరిహాసం, వంకర. సంస్కృతంలో దానికి విశాలమైనది, భయంకరమైనది, సుందరమైనది అనే అర్థాలు కూడా ఉన్నాయి. వికటుడు వినాయకుని పేర్లలో ఒకటి. అలంకారికుడైన వామనుడు పదాలు నాట్యమాడుతున్నట్లుండే గుణాన్ని వికటత్వమని చెప్పి, దానినే ఉదారత అనే శబ్దగుణంగా నిర్వచించాడు. ఆ అర్థంలో చూస్తే వికటకవి అనే మాట పాండురంగ మాహాత్మ్య కర్తకు చక్కగా సరిపోతుంది. జనం నోట మాత్రం హాస్యగాడు అన్న అర్థమే నిలిచింది.

ఈ కథలకు సమకాలిక ఆధారాలు లేవు. ఒక కథలో సమకాలికులుగా కనిపించే కవులు నిజానికి వేర్వేరు తరాలకు చెందినవారై ఉంటారు. వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్య మణిమంజరిలో సేకరించిన పద్యాలలో రామలింగని పేరిట ఉన్నవి కూడా కొన్ని ఉన్నాయి. వాటిలో ఏవి ఆయనవో తేల్చడం కష్టం. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998లో ప్రచురించిన ఆంగ్లగ్రంథంలో చాటుపద్యాలను ఒక సమాజం తన కవులను గురించి కల్పించుకొన్న సాహిత్యవ్యవస్థగా వివరించారు. ఈ దృష్టితో చూస్తే రామలింగని కథలు ఒక వ్యక్తి జీవితచరిత్ర కంటె, పాండిత్యగర్వాన్ని అణచగల ఒక మనిషిని తెలుగువారు ఎట్లా ఊహించుకొన్నారో తెలిపే ఆధారాలు.

ఇతర భాషలలో పోలికలు

రామకృష్ణునికి పట్టిన గతి ప్రపంచ సాహిత్యంలో ఒంటరి ఉదాహరణ కాదు. స్పానిష్ కవి ఫ్రాన్సిస్కో దె కెవెదో (1580–1645) గంభీరమైన కవిత్వం, వ్యంగ్య రచనలు చేసిన పండితుడు. ఒకే మాటలో రెండు భావాలను ఇమిడ్చే రచనాపద్ధతికి ఆ భాషలో ఈయన ప్రతినిధి. స్పెయిన్ లోను స్పానిష్ మాట్లాడే ఇతర దేశాలలోను జనం చెప్పుకొనే హాస్యకథలలో, అందులోనూ మోటుకథలలో, కెవెదో పేరుగల పాత్ర కనబడుతుంది. ఆ కథలకూ కవి జీవితానికీ సంబంధం లేదు. స్పానిష్ లో కూడా నానార్థ పదాలు విస్తారం. 'బాంకో' అంటే బ్యాంకు, కూర్చొనే బల్ల. 'గాతో' అంటే పిల్లి, బండి చక్రం మార్చేటప్పుడు బండిని ఎత్తే జాకీ. 'మున్యేకా' అంటే మణికట్టు, ఆడుకొనే బొమ్మ. 'ఓహా' అంటే ఆకు, కాగితం, కత్తి అలుగు. ఇటువంటి చమత్కారాలను బల్తసార్ గ్రాసియన్ అనే రచయిత 17వ శతాబ్దంలో శాస్త్రీయంగా వర్గీకరించాడు. తెలుగులో శ్లేషకు అలంకారశాస్త్రంలో ఉన్న స్థానాన్ని ఇది గుర్తుచేస్తుంది.

నాటకాలు, చలనచిత్రాలు

రామకృష్ణుని కథలు తమిళంలో తెనాలి రామన్ పేరుతో, ఇతర భాషలలో తెనాలిరామ పేరుతో బాలసాహిత్యంలో ప్రవేశించాయి. తెలుగులో హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో 1941లో తెనాలి రామకృష్ణ చిత్రం వచ్చింది. 1956లో బి.ఎస్.రంగా అదే పేరుతో తీసిన చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు రామకృష్ణునిగా, నందమూరి తారక రామారావు శ్రీకృష్ణదేవరాయలుగా, భానుమతి కృష్ణసానిగా నటించారు. ఈ చిత్రానికి వెంకట్రామయ్య రచించిన నాటకం ఆధారం. 1990లో దూరదర్శన్ టి.ఎస్.నాగాభరణ దర్శకత్వంలో హిందీ ధారావాహికను ప్రసారం చేసింది. వీటన్నింటిలో ప్రధానంగా కనిపించేది సభలోని చతురుడే గాని, పాండురంగ మాహాత్మ్యము రాసిన కవి కాదు.

సాహిత్య స్థానము

తెనాలి రామకృష్ణుని పేరు తెలియని తెలుగువారు అరుదు. ఆయన కావ్యం చదివినవారు కూడా అరుదే. పాండురంగ మాహాత్మ్యములోని దీర్ఘసమాసాలు, అరుదైన పదాలు నేటి పాఠకునికి వ్యాఖ్య సాయం లేనిదే అందవు. హాస్యకథలు మాత్రం చదువురానివారికి కూడా అందాయి. కథల వలన కవి పేరు నిలిచింది గాని, ఆ పేరు వెనుక ఉన్న కావ్యాలు మరుగునపడ్డాయి. సాహిత్య విద్యార్థులు నిగమశర్మోపాఖ్యానంతో మొదలుపెట్టి పాండురంగ మాహాత్మ్యము చదివితే ఆ నవ్వుల వెనుక ఉన్న ప్రబంధకవి పరిచయమవుతాడు. తిలకాష్ఠ మహిషబంధనం కథలో మాటలపై ఉన్న పట్టు, నిగమశర్మ అక్క మాటలలోని వేదన రెండూ ఒకే పేరు మీద మనకు అందాయి. సందర్భాన్ని బట్టి ఆ పేరుకు హాస్యగాడని గాని మహాకవి అని గాని అర్థం చెప్పుకోవచ్చు.